రీడింగ్ ఎంత వచ్చిందో అంతే రాయండి

ప్రతి ఏడాదీ జూలై చివరికొచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు తల్లిదండ్రులు చేస్తారు. "మేడం, మా వాడు ఏపీ సైకాలజీ తీసుకుంటానంటున్నాడు. ఈజీయే కదా? మ్యాథ్స్, ఫిజిక్స్ టెన్షన్ మధ్య ఇదొకటి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చంటున్నాడు."

ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో కాలేజ్ బోర్డ్ అనే సంస్థ నడిపే కోర్సులివి. అక్కడి డిగ్రీ మొదటి ఏడాదిలో చెప్పే పాఠాన్ని హైస్కూల్లోనే చదివించి, మే నెలలో పరీక్ష పెట్టి, 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. సైకాలజీలో ఈ పరీక్ష 1992లో మొదలైంది. బెంగళూరులో కొన్ని స్కూళ్ళు ఈ కోర్సు నడుపుతున్నాయి. నేను పనిచేసేది అలాంటి ఒక స్కూల్లోనే. అంతకుముందు చాలా ఏళ్ళు సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతులకు ఇదే సబ్జెక్టు చెప్పాను.

"ఈజీయే కదా" అన్న మాట వింటే నాకు ఆ పాత స్కూలు గుర్తొస్తుంది. ఒక జూన్ నెలలో స్కూలువాళ్ళు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఏడుగురు పిల్లల్ని నిలబెట్టి, "లెక్కలు రానివాళ్ళని మీకు పంపిస్తున్నాం, మీ సబ్జెక్టులో ఎలాగోలా గట్టెక్కించండి" అన్నారు. ఆ పిల్లల ముందే అన్నారు. అందులో ఒక అబ్బాయి చేతిలో కొత్త నోటుబుక్కు ఉంది, అట్ట వేసి పేరు కూడా రాసుకున్నాడు. ఆ మాట విన్నాక దాన్ని సంచీలో పెట్టేసుకున్నాడు. వాడికి చెప్పాల్సిన మొదటి పాఠం ఆ రోజే పాడైపోయిందని నా బాధ.

అందుకే ఈ కోర్సు పిల్లల నుంచి నిజంగా ఏం అడుగుతుందో నాకు తెలిసినంతవరకు వివరంగా చెప్పాలనుకుంటున్నాను. ఎన్ని పేజీలు చదవాలి, వారానికి ఎన్ని గంటలు కూర్చోవాలి అన్నవి చిన్న విషయాలు. అసలు కష్టం ఇంకోచోట ఉంది. పదేళ్ళ చదువులో మనం పిల్లలకు బాగా అలవాటు చేసిన ఒక పనిని ఈ కోర్సు మానెయ్యమంటుంది. ఆ పని పేరు రీడింగులు సర్దడం.

మనలో చాలామంది చేసిందే అది. ఫిజిక్స్ ల్యాబులో సింపుల్ పెండ్యులమ్ ఊపుతాం. జీ (గురుత్వ త్వరణం) విలువ 9.8 రావాలని అందరికీ ముందే తెలుసు. మనకు 9.1 వస్తుంది. అప్పుడు వెనక నుంచి లెక్కగట్టి, ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో కనుక్కుని, ఆ అంకెలే రికార్డులో నింపుతాం. సీనియర్ల రికార్డు దొరికితే ఆ శ్రమ కూడా ఉండదు. మదనపల్లెలో నేను ఇంటర్ చదివేటప్పుడు టైట్రేషన్ రీడింగులు అలాగే రాశాను, సంతకం పెట్టించుకున్నాను. దాన్ని తప్పని ఎవరూ అనలేదు, తెలివి అన్నారు.

నా క్లాసులో మొదటి వారం ఒక ప్రయోగం చేయిస్తాను. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం అది. 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరినీ ఒకే మాటతో అడగలేదు. కొందరిని "కార్లు తాకినప్పుడు" అని, కొందరిని "కార్లు బలంగా గుద్దుకున్నప్పుడు" అని, ఇలా అయిదు రకాల క్రియలతో అడిగారు. తాకినప్పుడు అన్న ప్రశ్న విన్నవాళ్ళ సగటు అంచనా గంటకు 31.8 మైళ్ళు. గుద్దుకున్నప్పుడు అని విన్నవాళ్ళది 40 దాటింది. ఫిల్ము అదే, కళ్ళు అవే, ప్రశ్నలో ఒక్క క్రియ మారింది. ఇంకో విడతలో 150 మందిని వారం తర్వాత పిలిచి, ఫిల్ములో పగిలిన అద్దం చూశారా అని అడిగారు. అందులో పగిలిన అద్దమే లేదు. అయినా గుద్దుకున్నప్పుడు అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "ఢీకొన్నప్పుడు" అన్నట్టు అడిగిన 50 మందిలో 7గురు అన్నారు. తెలుగులో మనకు తగిలింది, రాసుకుపోయింది, ఢీకొంది, గుద్దేసింది అని ఎన్ని మాటలున్నాయో చూడండి. ఏ మాటతో చెబితే ఆ ప్రమాదమే వినేవాళ్ళ కళ్ళముందు కదులుతుంది.

రెండేళ్ళ కిందట నా క్లాసులో 24 మంది. ఫోనులో తీసిన ఒక చిన్న వీడియో చూపించాను. సిగ్నల్ దగ్గర స్కూటర్ ఒకటి ఆటోను వెనక నుంచి తగులుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఎడమ వరస బెంచీలకు ఒక ప్రశ్న, కుడి వరసకు ఇంకో ప్రశ్న కాగితం మీద ఇచ్చాను. సగటు తీస్తే తలకిందులుగా వచ్చింది. గుద్దినప్పుడు అన్న ప్రశ్న అందుకున్న గుంపే తక్కువ వేగం చెప్పింది.

బోర్డు మీద రెండు అంకెలూ రాశాక క్లాసు నిశ్శబ్దం అయిపోయింది. ముందు బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "మేడం, ఈ వరసలో ఇద్దరు మరీ తక్కువ రాశారు. వాళ్ళని తీసేస్తే కరెక్టుగా వస్తుంది" అన్నాడు. చాలా తెలివైన పిల్లవాడు, ఫిజిక్స్‌లో ఫస్ట్. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, తప్పు చేస్తున్నానన్న ఊహే లేదు. ఆ ఇద్దరిని ఎందుకు తియ్యాలని అడిగాను. "ఆన్సర్ అలా రావాలి కదా" అన్నాడు.

ఆ గంటంతా దానికే పోయింది. పోవాలనే నేనూ వదిలేశాను. అంకెలు అలాగే ఉంచి, ఎందుకిలా వచ్చి ఉండొచ్చో చెప్పమన్నాను. వీడియో మరీ చిన్నదని ఒకరు. బెంగళూరు సిగ్నల్ దగ్గర బండి ఎంత నెమ్మదిగా పాకుతుందో మాకు ముందే తెలుసు కాబట్టి ప్రశ్నలో మాట మమ్మల్ని కదిలించలేదని ఒకరు. పక్కవాళ్ళ కాగితం కనిపిస్తోందని ఇంకొకరు. చివరికి ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మీరు మమ్మల్ని వరసల్ని బట్టి విడదీశారు. ఫ్రెండ్స్ అంతా ఒక వైపే కూర్చుంటారు కదా. చీట్లు వెయ్యాల్సింది" అంది. చీట్లు వేసి గుంపులు చెయ్యడాన్ని పరిశోధన పద్ధతుల్లో రాండమ్ అసైన్‌మెంట్ అంటారు. ఆ పాఠం ఇంకా మొదలుపెట్టలేదు. ఆ అమ్మాయి దాన్ని తనంతట తాను కనిపెట్టింది. రీడింగ్ సర్దేసి ఉంటే ఆ మాట బయటికొచ్చేదే కాదు.

పరీక్ష కూడా ఇప్పుడు ఇదే అడుగుతోంది. 2024–25 నుంచి కోర్సును మార్చారు. అంతకుముందు 70 నిమిషాల్లో 100 బిట్లు ఉండేవి. ఇప్పుడు 90 నిమిషాల్లో 75. ఆ తర్వాత 70 నిమిషాలు రాతకు. మొదటి రాత ప్రశ్నలో ఒక పరిశోధన సారాంశం ఇస్తారు. ఏ పద్ధతి వాడారు, అందులోని చరరాశిని (మారే అంశాన్ని) ఎలా కొలిచారు, ఈ అంకెకు అర్థమేమిటి, పాల్గొన్నవాళ్ళ విషయంలో ఏ నైతిక నియమం పాటించారు, ఈ ఫలితం ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అని అడుగుతారు. రెండో దాంట్లో మూడు పరిశోధనలు ఇచ్చి, ఒక వాదన నిలబెట్టి దానికి వాటిలోంచి ఆధారాలు చూపించమంటారు. స్కోరులో మూడింట రెండు వంతులు బిట్లవే కానీ, ఆ బిట్లలోనూ గ్రాఫులూ పట్టికలూ వస్తాయి. లెక్కలకు భయపడి ఇటొచ్చిన పిల్లలకు సగటు, మధ్యగతం (వరసలో మధ్య అంకె), ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది), సహసంబంధం (రెండు అంశాలు కలిసి ఎలా మారతాయో చెప్పేది) ఎదురవుతాయి. పెద్ద పెద్ద లెక్కలు చెయ్యక్కర్లేదు. ఆ అంకె ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో తెలియాలి. లెక్క చెయ్యడం కన్నా అది తెలియడమే కష్టం.

"అయినా ఇదంతా కామన్ సెన్సే కదా మేడం" అంటారు కొందరు నాన్నగార్లు. వాళ్ళకు నేను రెండు సామెతలు చెబుతాను. ఆలస్యం అమృతం విషం. నిదానమే ప్రధానం. పెళ్ళి సంబంధం చప్పున కుదిరి బాగుంటే మొదటిది అంటాం, తొందరపడి చెడితే రెండోది అంటాం. రెండూ ఎప్పుడూ నిజమే అనిపిస్తాయి, ఎందుకంటే జరిగిపోయాక వెతుక్కుంటాం కాబట్టి. జరగకముందే ఏది వర్తిస్తుందో చెప్పమంటే సామెత చేతులెత్తేస్తుంది. ఫలితం తెలిశాక "నాకు ముందే తెలుసు" అనిపించడానికి ఈ కోర్సులో ఒక పేరే ఉంది, హైండ్‌సైట్ బయాస్. మిగతా సబ్జెక్టుల్లో పిల్లలు ఏమీ తెలియదనుకుని మొదలవుతారు. ఇక్కడ అంతా తెలుసనుకుని మొదలవుతారు. అందుకే అక్టోబర్ యూనిట్ టెస్టులో తొంభైలు తెచ్చుకునే పిల్లలు కూడా కుదేలవుతారు.

మెదడు, నాడీ వ్యవస్థ ఉన్న మొదటి యూనిట్‌లో పేర్లు చాలా ఎక్కువ, బయాలజీ అంత కష్టం. ఆ యూనిట్ అయ్యాక హోసూర్ రోడ్డులో మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్‌లోని బ్రెయిన్ మ్యూజియంకు తీసుకెళ్తాను. సుమారు కిలోంబావు, కిలోన్నర మధ్య తూగే ఒక మెదడును చేతిలో పెట్టుకున్నాక ఎవరూ కాసేపు మాట్లాడరు. పోయినసారి ఒకబ్బాయి, "ఈయన జ్ఞాపకాలన్నీ ఇందులోనే ఉండేవా?" అని మెల్లగా అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో హెన్రీ మొలైసన్ గురించి చెప్పాను. మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాలు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్తగా కలిసిన మనిషి ఆయనకు గుర్తుండలేదు. అయినా అద్దంలో చూస్తూ బొమ్మ గీసే పనిలో మాత్రం రోజురోజుకూ మెరుగయ్యారు, నేర్చుకున్న సంగతి మాత్రం గుర్తులేదు. ముందే ఒక సిద్ధాంతం పెట్టుకుని చూసి ఉంటే, ఆ మెరుగుదలను పరిశోధకులు లెక్కలోకి తీసుకునేవాళ్ళే కాదు. బస్సు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది కాబట్టి కథంతా చెప్పే టైం దొరికింది.

ఎలా చదవాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పిల్లలు హైలైటర్లతో పుస్తకమంతా పసుపు చేసి, నాలుగుసార్లు చదివి, వచ్చేసిందనుకుంటారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు దీన్నే పరీక్షించారు. ఒక గుంపు పాఠాన్ని రెండోసారి చదివింది, ఇంకో గుంపు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళకు 81 శాతం, రాసినవాళ్ళకు 75 శాతం గుర్తుంది. వారం తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళకు 42, రాసినవాళ్ళకు 56. ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. పుస్తకం లాక్కుని, "ఏదీ, అప్పజెప్పు" అనేవాడు. పద్యమైనా, ఎక్కమైనా అంతే. అప్పజెప్పడం అన్న ఈ మంచి మాటను, దానితోపాటు ఆ పద్ధతినీ మన ఇళ్ళలో వదిలేసుకున్నాం. సైకాలజీ రాని తల్లిదండ్రులు కూడా పిల్లలకు చెయ్యగల సాయం ఇదొక్కటే. రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ చెప్పింది నాకు అప్పజెప్పు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అనండి. తడబడితే తిట్టకండి, తడబడిన చోటే రేపు చదవాల్సిన చోటు. అయితే ఉన్నదున్నట్టు అప్పజెబితే సరిపోదు. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష కాదనీ, చికాకు తీసేసి ఒక అలవాటును బలపరచడమనీ ఇంట్లోంచి ఉదాహరణ తీసి చెప్పగలగాలి. సీట్‌బెల్ట్ పెట్టుకుంటే కారులో కీచుమనే శబ్దం ఆగుతుంది, అందుకే పెట్టుకుంటాం. అలా.

ఒక విషయంలో మాత్రం నేను రాజీపడను. ప్రాజెక్టు పేరుతో పిల్లలు ఫోనులో ఫారం తయారుచేసి ఫ్రెండ్స్‌కు పంపిస్తారు. నీకు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా లాంటి ప్రశ్నలు పెట్టి, పేర్లు కనిపించేలా జవాబులు తెచ్చిన సందర్భం ఉంది. అడిగేముందు ఒప్పుకోలు కావాలి, పద్దెనిమిది నిండనివాళ్ళకు పెద్దవాళ్ళ అనుమతి కూడా కావాలి, మధ్యలో మానెయ్యొచ్చని చెప్పాలి, పేర్లు దాచాలి. ఇది పరీక్షలో వచ్చే పాఠమే. కానీ క్లాసు బయట పాటించకపోతే నా దృష్టిలో ఆ పాఠం రానట్టే.

కొందరు పిల్లలు తమ బాధకు మందు దొరుకుతుందని ఈ కోర్సులో చేరతారు. వాళ్ళు నాకు మొదటి నెలలోనే తెలిసిపోతారు. డిప్రెషన్ ఉన్న యూనిట్ పేజీలు ముందే నలిగి ఉంటాయి. వాళ్ళను పక్కకు పిలిచి ఒక్కటే చెబుతాను, నువ్వు రావడం మంచిదే, కానీ ఈ క్లాసు చికిత్స కాదు. పాఠం చెప్పే మనిషి వేరు, చికిత్స చేసే మనిషి వేరు. స్కూల్ కౌన్సిలర్ గది దాకా నేనే తోడు వెళ్తాను. 2022 అక్టోబర్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, క్లాసు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాను. రాత్రైనా పగలైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక తల్లి ఆ కాగితం చూసి, "పిల్లలకు లేనిపోనివి గుర్తుచేసినట్టు ఉండదా?" అని అడిగింది. ఉండదు. తెలియక ఒంటరిగా కూర్చున్న పిల్లలను చూశాను కాబట్టి అంత గట్టిగా చెబుతున్నాను.

జబ్బుల యూనిట్ వచ్చాక ఇంకో రకం సర్దుబాటు మొదలవుతుంది. ఇప్పుడు అంకెలను కాదు, మనుషులను సర్దుతారు. నాన్న నార్సిసిస్ట్ అవుతాడు, అక్క బైపోలార్ అవుతుంది. కిందటేడు ఒక అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ మీద ప్రాజెక్టు తెచ్చింది. పై పేజీలోనే పెద్దగా ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు) అని రాసి ఉంది. (ఆ అమ్మాయినీ, అమ్మమ్మగారినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.) రోజుకు రెండు గంటలు కడుగుడు, మడిచీరను బాల్కనీలో ఎత్తుగా కట్టిన దండెం మీద కర్రతో ఆరెయ్యడం, ఎవరైనా తాకితే మళ్ళీ స్నానం. "పుస్తకంలో రోజుకు గంట దాటితే అని ఉంది మేడం, ఈవిడకు రెండు" అంది. లక్షణాల పట్టికతో పోల్చి టిక్కులు కూడా పెట్టింది.

చదివితే నిజంగానే అలా కనిపిస్తుంది. నేను కొట్టెయ్యలేదు. నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు "చూసింది", ఇంకోవైపు "అనుకున్నది" అని రాసుకుని పది రోజులు గమనించమన్నాను. అన్నిటికన్నా ముందు ఆవిడ అనుమతి అడగమన్నాను, ఆ తర్వాత ఆవిడనే అడిగి తెలుసుకోమన్నాను. అప్పటిదాకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదట.

పది రోజుల తర్వాత ఎడమవైపు పేజీలు నిండిపోయాయి. కుడివైపు చాలా కొట్టివేతలు ఉన్నాయి. మోకాలి ఆపరేషన్‌కు అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అమ్మమ్మ మడి పట్టలేదు, క్యాంటీన్ కాఫీ తాగింది. అప్పుడు భయమెయ్యలేదా అని మనవరాలు అడిగితే, "భయమెందుకే? ఆపదలో, ప్రయాణంలో మడి లేదు. దేవుడికి తెలీదూ?" అంది. ఓసీడీ ఉన్న మనిషికి ఆ ఆలోచన వద్దన్నా వస్తుంది, ఆ పని చెయ్యకపోతే నరకంగా ఉంటుంది, ఆపాలన్నా ఆపలేరు. ఈవిడ అవసరమైతే ఆపింది, ఇంటికి రాగానే ఇష్టంగా మళ్ళీ మొదలుపెట్టింది. అంతమాత్రాన మడి ఉన్న ఇంట్లో ఎవరికీ ఓసీడీ ఉండదని కాదు, ఆ ముసుగులో ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళూ ఉంటారు. అది తేల్చాల్సింది డాక్టరు, పదిహేడేళ్ళ మనవరాలూ కాదు, నేనూ కాదు. ఆ అమ్మాయి పై పేజీ చించేసి, "మా అమ్మమ్మ మడి: పది రోజుల పరిశీలన" అని కొత్త పేరు పెట్టింది.

ఫైలు ఇచ్చేముందు అమ్మమ్మకు చదివి వినిపించమన్నాను. వినిపించింది. ఆవిడ శ్రద్ధగా విని, "రెండు గంటలు కడుగుతానని రాశావేంటే? అందులో గంటకు పైగా నా పారాయణే. అది కూడా కడుగుడులో కలిపేశావా?" అందట. మర్నాడు ఆ అమ్మాయి అమ్మమ్మ పక్కనే ఫోనులో టైం పెట్టుకుని కూర్చుంది. నాకు చేరిన ఫైల్లో రెండు గంటలు అన్నచోట ఒక గీత ఉంది. పైన నీలం సిరాతో 45 నిమిషాలు అని రాసి ఉంది.